శాన్ ఆంటోనియో నగరమునకు వచ్చు అతిథులు

ఒక జనసమూహముయొక్క గుణగణముల నెఱుంగుటకు దాని కోటలను, శాసనములను, యుద్ధములను పరిశీలించుట చరిత్రకారుల పరిపాటి. దాని పండుగలను పరిశీలించుటయు అంతకంటె తక్కువ ప్రయోజనకరము కాదని మా యభిప్రాయము. జనులు దేనిని జూచి భయపడుదురో వారి శాసనములు చెప్పును. దేనిని జూచి సంతసింతురో వారి పండుగలు చెప్పును. ఒకనాడు భయమునకు విషయమైన వస్తువు మఱియొకనాడు సంతోషమునకు విషయమగుట యెక్కడనైనను జరిగినచో, ఆ మార్పు ఎట్లు వచ్చెనో విచారించుట సంస్కారాభిలాషులకు మిక్కిలి యవసరము. ఏలయన, మన సంఘసంస్కారోద్యమములన్నియు అట్టి మార్పునే కోరుచున్నవి.

అమెరికా సంయుక్తరాష్ట్రములలో టెక్సాసు రాష్ట్రమున శాన్ ఆంటోనియో అను నగరము కలదు. ఆ నగరమునకు ఏటేట రెండు జాతుల ప్రాణులు మెక్సికో దేశమునుండి వచ్చుచు, పోవుచు నుండును. అందొకటి గబ్బిలము, రెండవది సీతాకోకచిలుక. మొదటిదానిని జనులు అసహ్యించుకొనిరి, రెండవదానిని ముద్దుచేసిరి. అసహ్యము గౌరవముగా మాఱుటకు ఎంత కాలము పట్టెనో, ముద్దు వివేకముగా మాఱుటకును ఇంచుమించు అంత ప్రయాస పట్టినది. ఈ రెండు కథలను చదువరులకు నివేదించుటయే ఈ వ్యాసముయొక్క యుద్దేశము.

ముందుగా నగరమును గుఱించి రెండు మాటలు. 1718వ సంవత్సరమున స్పానిషు మతగురువులు అక్కడి నదీతీరమున నొక మఠమును స్థాపించిరి. దాని చుట్టును ఊరు పెరిగినది. ఆ భూమి స్పెయిను ప్రభుత్వమునుండి 1821లో మెక్సికోకును, 1836లో టెక్సాసు స్వతంత్రరాజ్యమునకును, 1845లో సంయుక్తరాష్ట్రములకును సంక్రమించినది. దొరతనములు మాఱినను జనులు మాఱలేదు. నేటికిని ఆ నగరవాసులలో సగమునకు మించినవారు స్పానిషు భాషాసంప్రదాయములు గల కుటుంబములవారే. మనుష్యులు గీచిన సరిహద్దును లెక్కచేయక వచ్చు ప్రాణులను ఆదరించుటకు ఇట్టి యూరు తగినదే కదా!

ఆ ప్రదేశపు భౌగోళికస్థితి యొకటి గమనింపదగినది. ఉత్తర అమెరికా ఖండము నొక గరాటుగా భావింతుము. పైభాగము కెనడా, క్రిందిభాగమున సన్నని గొట్టము మెక్సికో. గరాటు గొట్టముగా మాఱు తావున టెక్సాసు ఉన్నది. శీతకాలమునకు భయపడి దక్షిణమునకు దిగు ప్రాణులలో అనేకములు ఆ త్రోవనే పోవలెను. తిథి నియమము లేక వచ్చువాడు అతిథియని మన పెద్దలు ఆ శబ్దమునకు వ్యుత్పత్తి చెప్పుదురు. ఈ యతిథులకు మాత్రము తిథి కలదు. గబ్బిలములు ఫిబ్రవరి, మార్చి మాసములలో వచ్చి అక్టోబరు, నవంబరు మాసములలో మరలిపోవును. సీతాకోకచిలుకలు అక్టోబరు మాసమున గుంపులుగా దక్షిణమునకు సాగి, వసంతారంభమున ఉత్తరమునకు మరలివచ్చును.

గబ్బిలమనగానే మన యిండ్లలో ముఖము చిట్లింతురు. గబ్బిలము ఇంట దూఱిన అరిష్టమని శాంతి చేయించుకొను కుటుంబములు మన దేశమున నున్నవి. ఆ జంతువునకు సంస్కృతమున అజినపత్ర యని పేరు. చర్మమే ఱెక్కగా గలదని యర్థము. పేరు పెట్టిన పండితునికి చూపు కలదు. అందు ద్వేషము లేదు. ద్వేషము పిమ్మట వచ్చినదే. మన భాషలో గుఱ్ఱము జాషువ మహాకవి 1941లో ప్రకటించిన గబ్బిలము అను కావ్యమున, అస్పృశ్యుడని ఆలయమునుండి వెలివేయబడిన యొక పేదవాడు తన మొఱను శివునికి విన్నవింప గబ్బిలమును దూతగా నేర్పరచుకొనును. మనుష్యునికి లేని ఆలయప్రవేశము ఆ పక్షికాని పక్షికి గలదు గదా! నీచమని లోకము త్రోసివేసినదానియందు గౌరవమును చూచుట సంస్కర్త లక్షణము. అట్టి చూపు గల వైద్యుడొకడు శాన్ ఆంటోనియోలో నుండెను.

ఆయన పేరు చార్లెస్ క్యాంబెల్. ఇరువదవ శతాబ్దారంభమున ఆ నగరమున చలిజ్వరము, అనగా మలేరియా, ప్రబలముగ నుండెను. ఈ వ్యాధికి కారణమైన సూక్ష్మజీవి దోమ కడుపులో పెరుగునను సంగతిని రొనాల్డ్ రాస్ అను వైద్యుడు 1897వ సంవత్సరము ఆగస్టు 20వ తేదీన మన సికిందరాబాదులోనే కనుగొనెను. తెలుగు నేలమీద వెలువడిన యా సత్యము లోకమంతయు ప్రాకి, దోమను నిర్మూలించు నుపాయములను వెదకుటకు వైద్యులను పురికొల్పినది. క్యాంబెలు వైద్యునికి తోచిన యుపాయము విచిత్రమైనది. రాత్రి తిరుగు దోమకు రాత్రి తిరుగు గబ్బిలమే శత్రువు కావలెనని ఆయన తలంచెను. తేనెటీగలకు పెట్టె కట్టినట్లు గబ్బిలములకు ఇల్లు కట్టినచో, అవి చేరి దోమలను భక్షించునని ఆయన యూహ.

మొదట కట్టిన గూడు వ్యర్థమైనది. ఆయన స్వంత ధనము వెచ్చించి కట్టించినదానిలో ఒక్క గబ్బిలమైనను చేరలేదు. ఊరివారు నవ్విరి. ఆయన దానిని విప్పించి, కొండగుహలకు పోయి గబ్బిలముల స్వభావమును పరిశీలించి, 1911లో నగరపు మురుగునీరు చేరు మిచెల్ చెఱువునొద్ద ఎత్తైన స్తంభములమీద మఱియొక గోపురమును కట్టించెను. ఈసారి గబ్బిలములు వేలకొలది వచ్చి చేరినవి. వాని రెట్టను ఎరువుగా అమ్మి వ్యయమును కొంత రాబట్టుకొనవచ్చునని కూడ ఆయన చూపెను. చెఱువు చుట్టుప్రక్కల జ్వరము తగ్గినదని ఆయన ప్రకటించెను. నగరసభవారు 1914లో గబ్బిలమును చంపుట నేరమని శాసించిరి; 1917లో టెక్సాసు రాష్ట్రమంతటికి అట్టి శాసనమే వచ్చినది. ఆ నగరపు మేయరుగా నుండిన ఆల్బర్ట్ స్టీవ్స్ అను నాయన 1918లో కంఫర్టు అను గ్రామమున కట్టించుకొనిన గబ్బిలగోపురము నేటికిని నిలిచియున్నది. క్యాంబెలు 1925లో తన ప్రయోగములను గుఱించి యొక గ్రంథమును ప్రకటించెను.

ఇంతవరకు కథ మనోహరముగ నున్నది. సత్యమును కోరువారు ఇక్కడ ఆగరాదు. 1926లో ట్రేసీ స్టోరర్ అను జంతుశాస్త్రజ్ఞుడు ఈ జాతి గబ్బిలములు తిను ఆహారమును పరీక్షించి, దోమలను భక్షించి అవి మలేరియాను అణచుననుటకు ఆధారము లేదని తేల్చెను. 1929లో ఫ్లారిడా రాష్ట్రమున ఒక వ్యాపారి క్యాంబెలు పద్ధతిని గోపురము కట్టించెను. అందు గబ్బిలములు నివసింపనే లేదు. ఆ గోపురము 2017లో తుపానుకు కూలువఱకు జనులకు వినోదవస్తువై నిలిచినది. సంయుక్తరాష్ట్రములలో మలేరియా 1951 నాటికి తొలగిపోయినది. దానికి కారణములు మురుగుపల్లముల నీరు తీయుట, కిటికీలకు జల్లెడలు బిగించుట, క్రిమిసంహారకములు చల్లుట, మంచి వైద్యము.

కావున క్యాంబెలు చూపిన హేతువు నిలువలేదు. ఆ హేతువును నమ్మి నగరసభ చేసిన శాసనము మాత్రము మేలైనదేయని కాలము ఋజువుచేసినది. చరిత్రమున ఇట్టి విపరీతములు కలవు. సత్కార్యము తప్పుడు కారణముమీద నిలిచినప్పుడు, కారణము కూలిన దినమున కార్యమును కూడ కూల్చుట వివేకము కాదు. దానికి సరియైన పునాదిని వెదకుట వివేకము. ఆ పునాది చాల కాలము పిమ్మట దొరకినది.

శాన్ ఆంటోనియో నగరమున కీశాన్యముగా, నగరపు టంచునకు చేరువలో బ్రాకెన్ అను గుహ యొకటి యున్నది. వేసవిలో అందు ఒకటిన్నర కోటినుండి రెండు కోట్ల వఱకు గబ్బిలములు నివసించును. ప్రపంచమున ఇంతకు మించిన గబ్బిలసమూహము లేదని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. అవి ప్రధానముగా తల్లులు. గర్భముతో మెక్సికోనుండి వచ్చి, జూను మాసమున ఒక్కొక్కటి ఒక్కొక్క పిల్లను కని, గుహ గోడమీద పిల్లలనన్నిటిని కిక్కిఱిసియుంచి, రాత్రి వేటకు పోవును. ఒక్క చదరపుటడుగు స్థలమున కొన్నివందల పిల్లలుండగా, మరలివచ్చిన తల్లి కంఠధ్వనిచేతను వాసనచేతను తన పిల్లను గుర్తించి పాలిచ్చును. ఇది విన్నపిమ్మట గబ్బిలమును చూచి ముఖము చిట్లించు తల్లి మన చదువరులలో నుండదని నమ్ముచున్నాము.

సంధ్యవేళ ఆ గుహనుండి వెలువడు గబ్బిలముల ధార గంటలకొలది సాగును. వాతావరణశాఖవారి రాడారు యంత్రములమీద అది వానమబ్బువలె కనబడును. అవి అంత యెత్తునకు పోవుట ఎందులకో కొంతకాలమునకు తెలిసినది. మొక్కజొన్నను, పత్తిని పాడుచేయు పురుగుయొక్క రెక్కల పురుగులు రాత్రివేళ గాలితో పాటు ఆకాశమున వలసపోవుచుండగా, ఈ గబ్బిలములు వానిని అక్కడనే పట్టి తినును. 2006లో ప్రకటింపబడిన యొక పరిశోధన, శాన్ ఆంటోనియోకు నైరృతిదిశనున్న ఎనిమిది జిల్లాలలో పత్తిరైతులకు ఈ గబ్బిలములవలన కలుగు లాభము ఏటికి సుమారు 7 లక్షల 40 వేల డాలర్లని లెక్కగట్టినది. క్యాంబెలు వైద్యుడు దోమయని తలంచిన చోట చేనిపురుగు నిలిచినది. గబ్బిలము మేలుచేయుననుట నిజము. ఏ మేలనుట మాత్రము వేఱు.

పొరుగున నున్న ఆస్టిన్ నగరమున ఈ మార్పు మఱింత స్పష్టముగ కనబడినది. 1980లో అక్కడి కాంగ్రెస్ వీధి వంతెనను పునర్నిర్మించిరి. వంతెన క్రింద విడిచిన సన్నని సందులలో లక్షలకొలది గబ్బిలములు చేరినవి. పిచ్చికుక్కకాటు వ్యాధి వానివలన వ్యాపించునని జనులు భయపడి, వానిని చంపవలెనని కోరిరి. 1986లో మెర్లిన్ టటిల్ అను శాస్త్రజ్ఞుడు తాను స్థాపించిన గబ్బిలరక్షణసంఘమును ఆ నగరమునకు మార్చుకొని, పాఠశాలలకు, సభలకు, పత్రికాలయములకు తిరిగి, చేతితో తాకకున్నచో భయములేదని బోధించెను. చంపవలెనన్న యూరే కొంతకాలమునకు ఆ దృశ్యమును చూడ వంతెనమీద బారులుతీరినది. నేడు వేసవి సాయంకాలములందు దేశదేశములనుండి జనులు అక్కడ గుమిగూడుదురు. శాన్ ఆంటోనియోలోను నదిమీది వంతెన క్రింద గబ్బిలములు వెలువడు వేళకు పిల్లలను వెంటబెట్టుకొని కుటుంబములు చేరుట వాడుకయైనది. ఉపన్యాసమువలన భయము తగ్గును. కన్నులార చూచినప్పుడు ప్రీతి పుట్టును. రెండును కావలెను.

ఆ ప్రీతికి పరీక్ష 2013, 2014 సంవత్సరములలో వచ్చినది. బ్రాకెన్ గుహ ప్రక్కనే, గబ్బిలములు ఎగురు త్రోవలో, 1,521 ఎకరముల నేలమీద సుమారు 3,500 ఇండ్లు కట్టుటకు ఒక వ్యాపారసంస్థ ఉద్యమించినది. కోటికి మించిన గబ్బిలములు దీపముల వెలుగులో ఇండ్లమీదుగా ఎగిరినచో మనుష్యునికిని మృగమునకును తగవు తప్పదు; అట్టి తగవులో మృగము గెలిచిన చోటు చరిత్రమున లేదు. నగరసభవారును, గబ్బిలరక్షణసంఘమువారును, ప్రకృతిరక్షణకై పాటుపడు ఇతర సంస్థలవారును చేతులు కలిపి, 2014లో 2 కోట్ల 5 లక్షల డాలర్లకు ఆ నేలను కొనివేసిరి. ఆ నేలమీద కురిసిన వాన భూగర్భమున చేరి నగరమునకు త్రాగునీరగును. గబ్బిలముమీది దయ ఒక్కటియే యైనచో అంత ధనము వచ్చియుండునో లేదో. తమ నీటిబావిని కాపాడుకొను వివేకము దానికి తోడైనది. ధర్మమును స్వప్రయోజనమును ఒకే కాడికి కట్టగలిగినప్పుడు పొలము త్వరగా దున్నబడును.

ఇక రెండవ యతిథి కథ. మోనార్కు అను పేరుగల ఆ సీతాకోకచిలుక నారింజవర్ణమున నల్లని గీఱలతో నుండును. బరువు అర గ్రాము. దాని గొంగళిపురుగు మన జిల్లేటి కుటుంబమునకు చెందిన పాలుగాఱు మొక్కల ఆకులను తప్ప మఱేమియు తినదు. ఆ పాలలోని విషము పురుగు దేహమున నిలిచి పక్షులనుండి దానిని కాపాడును. వేసవిలో పుట్టిన సీతాకోకచిలుకలు కొన్ని వారములే జీవించును. శరత్తున పుట్టిన తరము మాత్రము ఎనిమిది నెలల వఱకు జీవించి, కెనడా సరిహద్దునుండి మెక్సికోలోని కొండలవఱకు మూడువేల మైళ్ల దాక పయనించును. వసంతమున ఉత్తరమునకు బయలుదేఱినది మార్గమధ్యమున గ్రుడ్లుపెట్టి చనిపోవును; దాని పిల్లలు, మనుమలు ఆ యాత్రను పూర్తిచేయుదురు. మరల శరత్తున దక్షిణమునకు దిగునది ముందటియేడు వచ్చినదాని మునిమనుమడు. చూచియెఱుగని చెట్టును వెదకుకొని తాతముత్తాతల నివాసమునకు అది చేరుట సృష్టిలోని యాశ్చర్యములలో నొకటి.

ఇవి శీతకాలమున ఎక్కడికి పోవునో చిరకాలము శాస్త్రజ్ఞులకు తెలియలేదు. కెనడాలోని టొరాంటో నగరమున ఫ్రెడ్ అర్కార్ట్, నోరా అర్కార్ట్ అను దంపతులు దశాబ్దములకొలది ఈ ప్రశ్ననే పట్టుకొనిరి. సీతాకోకచిలుక ఱెక్కకు చిన్న కాగితపుముక్కను అంటించి విడుచుట వారి పద్ధతి. పత్రికలద్వారా సహాయమును కోరగా దేశము నలుమూలల గృహస్థులు, పిల్లలు, ఉపాధ్యాయులు ముందునకు వచ్చిరి. 1975 జనవరిలో కెన్ బ్రుగర్, కటలీనా అగ్వాదో అను నిరువురు మెక్సికోలోని యెత్తైన కొండలమీద, దేవదారువంటి వృక్షముల కొమ్మలు వంగునంతగా వ్రేలాడు కోట్లాది సీతాకోకచిలుకలను కనుగొనిరి. మఱుసటియేడు అర్కార్ట్ దంపతులు అక్కడకు పోయినప్పుడు కాగితమంటిన ఱెక్క యొకటి వారి కంటబడినది. దానిని అంటించినవారు మిన్నసోటా రాష్ట్రమునకు చెందిన యొక బడిపంతులును ఆయన శిష్యులైన ఇద్దఱు బాలురును! బడిపిల్లల చేతిపని ఒక ఖండముయొక్క రహస్యమును నిశ్చయపఱచినది. ఉపాధ్యాయవృత్తిలో నున్న మాకు ఇంతకంటె సంతోషకరమైన వార్త వేఱొకటి కలదా?

శాస్త్రజ్ఞులకు 1975లో తెలిసిన సంగతి కొండపల్లెలవారికి ముందే తెలియును. మెక్సికోలో నవంబరు 1, 2 తేదీలు మృతులను స్మరించు పండుగదినములు. సరిగా ఆ దినములకే సీతాకోకచిలుకలు కొండలకు చేరును. గతించిన పెద్దల యాత్మలే ఆ రూపమున ఇంటికి వచ్చుచున్నవని అక్కడివారి విశ్వాసము. మహాలయపక్షమున కాకికి పిండము పెట్టి, అది ముట్టువఱకు ఎదురుచూచు మన కుటుంబములకు ఈ భావము క్రొత్తది కాదు. మెక్సికో సంప్రదాయములు గల శాన్ ఆంటోనియోలోను ఈ తలంపు సజీవముగ నున్నది.

అట్టి యతిథి క్రమముగ క్షీణింపసాగినది. మెక్సికో కొండలలో ఇవి ఆవరించిన యడవి విస్తీర్ణమును ఏటేట కొలుతురు. 1996-97 శీతకాలమున అది 18 హెక్టారులు. 2013-14లో ఒక హెక్టారునకు లోపల, 0.67 మాత్రమే. కారణము లనేకములు. 1996 నుండి కలుపుమందుకు చావని సోయాచిక్కుడును, పిమ్మట మొక్కజొన్నను విత్తుట ప్రారంభమై, చేలలో పాలమొక్క యనునది లేకుండ పోయినది. కొండలలో చెట్లు నఱకబడినవి. కఱవులు, అకాలపు చలి, వేడిమి తోడైనవి. రైతునకు కలుపైనది సీతాకోకచిలుకకు పుట్టినిల్లు.

2015లో అమెరికాలోని వన్యప్రాణిరక్షణసంఘమువారు నగరముల మేయర్లచేత ఈ ప్రాణిని కాపాడుదుమని ప్రతిజ్ఞ చేయించ బూనిరి. ప్రతిజ్ఞలో 24 కార్యములు చెప్పబడినవి. అప్పుడు శాన్ ఆంటోనియో మేయరు ఐవీ టెయిలర్ అను మహిళ. ఆ పదవి నధిష్ఠించిన మొదటి నల్లజాతి వ్యక్తి ఆమెయే. ఇరువదినాలుగింటిని నెఱవేర్చుదుమని అందఱికంటె ముందు మాటయిచ్చిన నగరము శాన్ ఆంటోనియో. మఱుసటియేడు, 2016 అక్టోబరున, సీతాకోకచిలుకలు ఆ యూరిమీదుగా సాగు దినములలో, పూర్వము బీరు కాచుచుండిన యొక కార్ఖానా ప్రాంగణమున మొదటి యుత్సవము జరిగినది. పిల్లలు కాగితపు ఱెక్కలు తగిలించుకొని సీతాకోకచిలుకలుగను, తేనెటీగలుగను, గబ్బిలములుగను వేషములు వేసిరి. ఱెక్కకు కాగితమంటించు విధానమును పెద్దలు నేర్పిరి. మొక్కలను, విత్తనములను గుఱించి తోటపనివారు బోధించిరి. పుప్పొడిని ఒక పువ్వునుండి మఱియొక పువ్వునకు చేర్చు ప్రాణులు లేకున్న మన పళ్లెములో ఏయే పదార్థములుండవో వివరించిరి. గబ్బిలమును సీతాకోకచిలుకయు ఒకే పందిటి క్రింద గౌరవము నందుట ఈ చరిత్రమున మాకు మిక్కిలి నచ్చిన ఘట్టము. అంతకు ముందే, 2013 నాటికి, నగరమునకు దక్షిణముగ ఎనిమిది మైళ్ల పొడవున నదిని సహజరూపమునకు తెచ్చి, గట్లమీద స్థానికమైన గడ్డిని, పూలమొక్కలను పెంచియుండిరి. ఉత్సవమునకు అతిథులు రావలెనన్న విడిది ముందు సిద్ధము కావలెను గదా!

ప్రేమకు కూడ విద్య కావలెనని పైన చెప్పితిమి. దానికి దృష్టాంతము లిచ్చుచున్నాము. ప్రతియింట పాలమొక్క నాటుడని బోధింపగా, జనులు అంగళ్లలో సులభముగ దొరకు ఉష్ణదేశపు జాతిని కొనిపోయి నాటిరి. అది అందమైనది, త్వరగా పెరుగును. దక్షిణ టెక్సాసులో చలికి చావక శీతకాలమంతయు పచ్చగ నుండును. అదియే దాని దోషము. ఆకులమీద ఒక పరాన్నజీవి పేరుకొని, వానిని తిను పురుగులకు రోగమగుచున్నదని, కొన్ని సీతాకోకచిలుకలు ప్రయాణము మాని అక్కడనే నిలిచిపోవుచున్నవని పరిశోధకులు కనుగొనిరి. చలికాలమున ఆ మొక్కను మొదలంట కత్తిరింపుడని, వీలైనచో స్థానికజాతులనే నాటుడని బోధ మార్చవలసివచ్చినది. మఱియొకటి: ఇండ్లలో, అంగళ్లలో సీతాకోకచిలుకలను పెంచి, వివాహములకును ఉత్సవములకును గుంపులుగ విడుచుట వేడుకయైనది. 2019లో ప్రకటింపబడిన యొక పరిశోధనలో, పలుతరములు పంజరములలో పెరిగినవాని సంతతి దక్షిణదిశను గుర్తింపలేకపోవుచున్నదని తేలినది. ఱెక్కలున్నవి, దారి మఱచినవి! అడవిలో పట్టి కాగితమంటించి విడుచుట వేఱు. పెట్టెలో పెంచి వేడుకకు విడుచుట వేఱు. చూచువాని కన్నులకు రెండును ఒక్కటిగనే తోచును. ప్రాణికి మాత్రము ఒక్కటి కాదు.

ఈ పండుగలవలన ఫలమేమి యని ప్రశ్నించువారు కలరు. వారి ప్రశ్న న్యాయమైనదే. 2023-24 శీతకాలమున మెక్సికోలో సీతాకోకచిలుకలు ఆవరించిన విస్తీర్ణము 0.90 హెక్టారు, 2024-25లో 1.79. ఒక నగరపు పూలకుండీలు ఒక ఖండపు చేలను తిరిగి నింపజాలవు. మోనార్కును ఆపదలో నున్న జాతిగా ప్రకటింపవలెనని 2024 డిసెంబరున సంయుక్తరాష్ట్రముల ప్రభుత్వమే ప్రతిపాదించినది. పండుగ జరుగుచుండగా అతిథి తగ్గిపోవుట శోచనీయము. ఐనను గబ్బిలముల చరిత్రము మన కొక ధైర్యమిచ్చుచున్నది. 1914లో చేసిన శాసనము, నిర్మూలనమునుండి గబ్బిలమును కాపాడవలెనను నలవాటును ఆ నగరమున పాదుకొల్పినది. నూఱేండ్ల పిమ్మట, 2014లో, అదే నగరము రెండుకోట్ల డాలర్ల భూమిని కొనుటలో చేయి కలిపినది. ఈ రెంటికి నడుమ విద్యాబోధ, వంతెనలమీది సాయంకాలములు, పిల్లల కుతూహలము ఉన్నవి. పండుగ ప్రాణిని రక్షింపదు. రక్షింపవలసిన దినమున చేయి యెత్తు జనులను తయారుచేయును. పండుగనుండి ఇంతకంటె ఎక్కువ కోరుట న్యాయము కాదు. ఇంతకంటె తక్కువ చేయు పండుగ వట్టి తిరునాళ్ల.

మన యూళ్లలో ఇట్టి సంస్కారము లేదని చెప్పరాదు. శ్రీకాకుళము జిల్లా తేలినీలాపురమునను, గుంటూరు చేరువనున్న ఉప్పలపాడునను దూరదేశములనుండి వచ్చు కొంగలను, గూడబాతులను పల్లెవారు ఇంటి ఆడపడుచులవలె ఆదరింతురు. అవి వచ్చిన యేడు పంటలు పండునని వారి నమ్మకము. నేలపట్టు, పులికాటు పక్షులకై సూళ్లూరుపేటలో ఉత్సవమును జరుపుచున్నారు. సీతాకోకచిలుకల విషయమున మాత్రము మన దృష్టి యింకను చాలదు. మోనార్కుతో ఒకే కుటుంబమునకు చెందిన నీలివర్ణపు సీతాకోకచిలుకలు దక్షిణదేశమున తూర్పు కనుమలకును పడమటి కనుమలకును నడుమ ఏటేట గుంపులుగ వలసపోవును. 1880లో ఫ్రెడెరిక్ మూర్ అను నాంగ్లేయశాస్త్రజ్ఞుడు ఆ తెగకు పెట్టిన పేరు తిరుమల! ప్రపంచమందలి శాస్త్రజ్ఞులు నేటికిని ఆ పేరుతోనే దానిని వ్యవహరించుచున్నారు. ఏడుకొండల పేరు మోయు ఆ యాత్రికులను మనలో నెంతమంది గుర్తింతురు?

మోనార్కుకు సోదరప్రాయమైన మఱియొక నారింజవర్ణపు సీతాకోకచిలుక మన పెరళ్లలోనే యున్నది. దాని పురుగు జిల్లేటి ఆకులను తిని బ్రదుకును. రథసప్తమినాడు ఏడు జిల్లేటి ఆకులు కోసి తలమీద నుంచుకొని స్నానము చేయుట మన యాచారము. ఆచారమును మానుమని మేము చెప్పబోము. ఆకు కోయుటకు ముందు దాని యడుగుభాగమును పిల్లలకు చూపుడని మాత్రము తల్లులను కోరుచున్నాము. నలుపు, తెలుపు, పసుపు చారలతో పురుగు కనబడినచో ఆ యాకును విడిచి మఱియొకటి కోయవచ్చును. గొంగళిపురుగు అసహ్యమైనదని, సీతాకోకచిలుక అందమైనదని భావించు పిల్లలకు రెండును ఒకే ప్రాణియని తెలిసిన దినమున వారి చదువులో ఒక ముఖ్యమైన పాఠము పూర్తియగును. పెరటిలో జిల్లేడు మొలిచినచో దరిద్రమని పెఱికివేయు పెద్దలకు ఆ పిల్లలే సమాధానము చెప్పగలరు.

శాన్ ఆంటోనియోవారు దొరతనము చేసిన శాసనముతో ఆగలేదు, వేడుకతోను ఆగలేదు. పరీక్షించి తప్పు కనబడినచోట దిద్దుకొనిరి. పండుగలను సంస్కరింపగోరు మనకు వారినుండి నేర్చుకొనదగినది ఇదియే. క్రొత్త పండుగలను కల్పించుకొనుట కష్టము. ఉన్న పండుగలోనికి ఒక పరిశీలనను, ఒక ప్రాణిమీది దయను చేర్చుట ప్రతి గృహిణికి, ప్రతి పాఠశాలకు సాధ్యమైన పని.